పిల్లల ఇంగ్లిష్ ట్యాబ్ కోర్సు కొంటున్నారా? ఓటీపీ చెప్పే ముందు ఇది చదవండి

పిల్లలకు ఇంగ్లిష్ నేర్పుతామంటూ ట్యాబ్‌తో కలిపి కోర్సు అమ్మడానికి ఎవరైనా మీ ఇంటికి వస్తే, అక్కడికక్కడ ఓటీపీ చెప్పకండి. ‘ఫీజు వాయిదాలు’ అని వాళ్లు చెప్పేది మీ పేరు మీద తీసే అప్పు కావచ్చు. మా విషయంలో అదే జరిగింది. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు.

మా పాప మూడో తరగతి. బడిలో ఇంగ్లిష్ మీడియం, ఇంట్లో తెలుగు. ‘ఉచిత పరీక్ష’ పేరుతో వచ్చిన ప్రతినిధి పాప చేతిలో ట్యాబ్ పెట్టి ప్రశ్నలకు జవాబులు నొక్కించాడు. ‘రెండు తరగతులు వెనకబడి ఉంది’ అని తెర మీద ఎర్ర అక్షరాలతో వచ్చింది. దాన్ని పాప ముందే పైకి చదివాడు. పిల్ల ముఖం చిన్నబోయింది. ఆ ప్రశ్నలను తర్వాత బడిలో టీచరమ్మకు చూపిస్తే, వాటిలో చాలావరకు ఐదో తరగతి వ్యాకరణమని చెప్పారు. పసిపిల్లను భయపెట్టి తల్లిదండ్రుల చేత కొనిపించడం నాకు అన్నిటికంటే బాధ కలిగించిన విషయం.

ఆ వెంటనే, ‘ఈ ధర ఈ రాత్రి వరకే’ అన్నాడు. ఇలా లేని తొందర పుట్టించి కొనిపించడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో మోసపూరిత పద్ధతుల జాబితాలో చేర్చింది. ఎవరైనా ఈ మాట అంటే, ఆ రోజు కొనకుండా ఆగడమే మంచిది.

కోర్సు ధర 42,000 రూపాయలు. నెలకు 3,500 చొప్పున ఏడాదిపాటు ఫీజు కడితే చాలన్నారు. ఆధార్, పాన్ వివరాలు తీసుకున్నారు, ఓటీపీ అడిగారు. కాసేపటికి ఒక ఫైనాన్స్ కంపెనీ నుంచి ‘మీ రుణం మంజూరైంది’ అని మెసేజ్ వచ్చింది. అంటే కోర్సు సొమ్ము మొత్తం కోర్సు కంపెనీకి ముందే ముట్టింది, మనం బాకీ పడింది ఫైనాన్స్ కంపెనీకి. ఇక కోర్సు మానేసినా వాయిదా ఆగదు. ఆపితే క్రెడిట్ స్కోరు దెబ్బతింటుంది.

నచ్చకపోతే 15 రోజుల్లో డబ్బు వాపసు అన్నారు. ఆ గడువు ట్యాబ్ చేతికి వచ్చిన రోజు నుంచి కాదు, ఓటీపీ చెప్పిన రోజు నుంచే మొదలైంది. ట్యాబ్ వచ్చేసరికి గడువు దాదాపు అయిపోయింది. పైగా సీలు విప్పితే వాపసు లేదట. విప్పకుండా అది నచ్చిందో లేదో ఎవరు చెప్పగలరు?

ఇక చదువు సంగతి. రోజూ టీచరు విడిగా మాట్లాడతారని చెప్పారు. వచ్చినవి ముందే తీసి పెట్టిన వీడియోలు. వాక్యం చదివితే విని ఉచ్చారణ దిద్దుతుందన్న అభ్యాసంలో పాప సగం వాక్యం చదివి ఆగిపోయినా మూడు నక్షత్రాలు వచ్చాయి. ఒకసారి పాప నోరే విప్పలేదు, పక్క గదిలో టీవీలో తెలుగు వార్తలు నడుస్తున్నాయి. అప్పుడూ నక్షత్రాలే. మాట గుర్తించే సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా పెద్దవాళ్ల గొంతులతో తయారైనవి కాబట్టి పిల్లల మాటల దగ్గర తడబడతాయి. అది అర్థం చేసుకోగలను. కానీ అసలు వినకుండానే శభాష్ అంటే పిల్ల ఏం నేర్చుకుంటుంది?

అమెరికాలో పసిపిల్లల భాష మీద పనిచేసే శాస్త్రవేత్త ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన పరిశోధన ఒకటి ఉంది. తొమ్మిది నెలల పిల్లలతో మనుషులు ఎదురుగా కూర్చుని మాండరిన్‌లో ఆడిపాడితే, వాళ్లు ఆ భాష ధ్వనులను గుర్తుపట్టగలిగారు. అదే తెర మీద చూపిస్తే గుర్తుపట్టలేకపోయారు. మూడో తరగతి పిల్లలకు ఇది యథాతథంగా వర్తిస్తుందని అనను. అయినా తిరిగి పలికే మనిషి లేకుండా మాట్లాడటం నేర్పుతామంటే నేను నమ్మను.

సాంకేతికత వద్దని కాదు. కథలు వినడానికి, ఒక మాట ఎలా పలకాలో తెలుసుకోవడానికి ఫోను బాగా పనికొస్తుంది. దానికి వేలు పోయనక్కర్లేదు. కేంద్రం 2017లో తెచ్చిన బడి పాఠాల యాప్ దీక్ష ఉచితం. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉన్నవి ఉన్నాయి. మేము ఇప్పుడు వాటినే పాపతో కలిసి పైకి చదువుతున్నాం.

కొనాలనే అనుకుంటే, ముందు ‘ఇది అప్పా?’ అని సూటిగా అడిగి జవాబు రాతలో తీసుకోండి. అప్పే అయితే, వడ్డీ, రుసుములు అన్నీ చూపే కీలక వివరాల పత్రం ఇవ్వడం రిజర్వ్ బ్యాంకు నిబంధన. డిజిటల్ రుణమైతే జరిమానా లేకుండా అప్పు వెనక్కి ఇచ్చే గడువూ ఉంటుంది, అది ఎప్పటివరకో చూసుకోండి. ఖాతా నుంచి వాయిదా దానంతటదే పోయే ఆటో డెబిట్ పెట్టుకోవద్దని కేంద్ర విద్యాశాఖే 2021 డిసెంబరులో తల్లిదండ్రులకు సూచించింది.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు రద్దు కోరుతూ కోర్సు కంపెనీకి, ఫైనాన్స్ కంపెనీకి ఇద్దరికీ ఈమెయిలు పంపండి, ఫోను మాటలతో సరిపెట్టుకోకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఫైనాన్స్ కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వకపోతే ఇలాంటి ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే రుసుము ఉండదు. ప్రతినిధి పంపిన వాట్సాప్ మెసేజీలు, కాల్ రికార్డులు, రుణం మంజూరైన మెసేజ్ ఏవీ చెరపకండి. మా ఫిర్యాదులో మొదట అడిగినవి అవే.