మా మందిరంలో కొత్త దీపాల ఏర్పాటు: ఒక లైటింగ్ డిజైన్ సంస్థ పనిపై సమీక్ష

ఎత్తైన పైకప్పు, రంగు అద్దాల కిటికీలు ఉన్న మా మందిరంలో దీపాల ఏర్పాటును పూర్తిగా మార్చే పనిని సంఘం ఒక లైటింగ్ డిజైన్ సంస్థకు అప్పగించింది. ఇప్పుడు పగటి ఆరాధనలూ రాత్రి కూడికలూ కొత్త వెలుగులోనే జరుగుతున్నాయి. ఇదే ఆలోచనలో ఉన్న ఇతర సంఘాల కోసం ఈ అభిప్రాయం రాస్తున్నాను.

ఆ సంస్థవారు ఎన్ని లైట్లు కావాలని అడగలేదు; ఎవరు ఎక్కడ నిలబడతారు, ఎక్కడ కూర్చున్నవారు ఏమి చదువుతారు అని అడిగారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. లక్స్ మీటరు పట్టుకొని బెంచీ తరువాత బెంచీ దగ్గర ఆగి, పుస్తకం తెరిచి పట్టుకొనే ఎత్తులో వెలుతురును కొలిచారు. పాత వేలాడే దీపాల వెలుగంతా నడి దారిలోనే పడేది. గోడ పక్కన కూర్చున్న పెద్దవారు కీర్తనల పుస్తకాన్ని కిటికీ వైపు తిప్పుకొని చదవవలసి వచ్చేది. ఇప్పుడు చివరి వరుసలో సైతం 200 లక్స్‌కు తగ్గకుండా వెలుతురు అందుతోంది.

ప్రసంగ వేదిక దగ్గరి మార్పు ఇంకా గొప్పది. నడినెత్తిన ఉన్న ఒక్క దీపం వల్ల బోధకుని కళ్ల కింద నల్లని నీడలు పడి, వెనుక వరుసలవారికి ముఖంలోని భావమే తెలిసేది కాదు. ఆ దీపాన్ని తీసివేసి, ముందువైపు కుడి ఎడమల నుంచి సుమారు 45 డిగ్రీల వాలులో రెండు దీపాలు అమర్చారు. వాటి వెలుగు 3000 కెల్విన్ వెచ్చదనంతో, అంటే కాస్త పసుపు ఛాయతో, రంగులను ఉన్నవి ఉన్నట్టు చూపే సూచిక 100కి 90కి పైగా ఉండేలా ఎంచుకున్నందువల్ల, మనుషుల ముఖాలు పాలిపోయినట్టు కాక సహజంగా కనిపిస్తున్నాయి.

వెలుగు కనిపించాలి గాని దీపం కనిపించకూడదన్న నియమాన్ని వారు చాలావరకు పాటించారు. 2014లో వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్‌లో సుమారు 7,000 ఎల్‌ఈడీలను కిటికీల కింది అంచు వెనుక, చూసేవారి కంట పడకుండా అమర్చిన పద్ధతి ఇదే. మా గోడ అంచుల మీద దాచిన దీపాలు పైకప్పు దూలాలను మృదువుగా వెలిగిస్తున్నాయి. తల ఎత్తి పాడేవారి కళ్లలో ఏదీ గుచ్చుకోదు. గాయక బృందం ఎదుట ఉన్న ఒక్క దీపం మాత్రం ఇప్పటికీ కళ్లు చెదిరేలా ఉంది. దానికి వెలుగు పక్కలకు చిమ్మకుండా ఆపే తేనెపట్టు జాలీ బిగిస్తామన్నారు, ఇంకా బిగించలేదు.

లోపాలూ ఉన్నాయి. వెలుగు తగ్గించినప్పుడు ప్రత్యక్ష ప్రసారపు కెమెరాలో నల్లని చారలు కదిలేవి. చవకరకం డ్రైవర్లు (దీపానికి కరెంటును సరిపడా అందించే పరికరాలు) దీపాన్ని కంటికి తెలియనంత వేగంగా ఆర్పి వెలిగిస్తూ కాంతిని తగ్గిస్తాయి, కెమెరా ఆ మిణుకును పట్టేస్తుంది. ఫిర్యాదు చేశాక డ్రైవర్లు మార్చారు గాని, కెమెరా పెట్టి పరీక్షించకుండానే పని అప్పగించడం సరికాదు. మొదట ఇచ్చిన టచ్ స్క్రీన్ కూడా సంఘ సేవకులకు గందరగోళమే. మేము పట్టుబట్టాక ఆరాధన, ప్రార్థన, పెళ్లి, శుభ్రత అని పేర్లు రాసిన నాలుగు మీటలను గోడకు బిగించారు.

వీరికి పని ఇచ్చేవారు ఒప్పందానికి ముందే, చీకటి పడ్డాక నాలుగు దీపాలు తాత్కాలికంగా బిగించి చూపమని అడగాలి, అప్పుడే కెమెరా కూడా పెట్టించాలి. పైకప్పు దీపాల డ్రైవర్లను నిచ్చెనకు అందే ఎత్తులో పెట్టమని రాతపూర్వకంగా కోరాలి; మా దగ్గర అలా పెట్టినందువల్లే వాటిని మార్చడానికి పరంజా కట్టవలసిన అవసరం రాలేదు.