'ఒరిజినల్ మిలిటరీ బూట్లు' కొనేముందు సోల్ నొక్కి చూడండి

హైదరాబాద్‌లో ఆదివారం సంతల్లో, ఫుట్‌పాత్‌ల మీద, ఫోన్ గ్రూపుల్లో 'మిలిటరీ సరుకు, పెట్టె కూడా విప్పలేదు' అంటూ బూట్లు చవగ్గా అమ్ముతున్నారు. కానిస్టేబుల్ ట్రైనింగుకు వెళ్లేవాళ్లు, సెక్యూరిటీ గార్డులు జాగ్రత్త. ఏళ్లతరబడి పెట్టె విప్పకపోవడమే ఆ జతకున్న జబ్బు.

పాలియురేథేన్ సోల్, అంటే పీయూ సోల్, తొడిగినా తొడగకపోయినా ముసలిదైపోతుంది. గాలిలో తేమ దాన్ని లోపల్నుంచే విరగ్గొడుతుంది, వేడి తోడైతే ఇంకా త్వరగా. రేకుల షెడ్డులో ఏళ్లు పడున్న జత పైకి తళతళలాడుతూనే ఉంటుంది. నాలుగడుగులు గట్టిగా వేస్తే మడమ దగ్గర పగిలి, పాత బిస్కెట్‌లా పొడిపొడిగా రాలుతుంది. జిగురు పెట్టినా లాభం లేదు, పట్టుకోవడానికి గట్టి పదార్థం మిగిలితే కదా. కొనేముందు మడమ పక్కన గోటితో గట్టిగా నొక్కండి. గుంట పడి లేవకపోయినా, వేలికి జిగటగా తగిలినా, వంచితే సన్నటి పగుళ్లు కనిపించినా వదిలేయండి. తయారైన సంవత్సరం అడగండి. గట్టి రబ్బరు సోల్ కాస్త బరువే గానీ ఇలా పొడి కాదు.

రెండో మోసం, 'ఇది అన్నిటికీ పనికొస్తుంది' అనడం. 1960ల్లో వియత్నాంలో అమెరికా సైన్యం వాడిన జంగిల్ బూటుకు అరికాలి వంపు పక్కన రెండు చిన్న కన్నాలుంటాయి. వాగు దాటాక నీళ్లు బయటికి పోవడానికి అవి, త్వరగా ఆరడానికి పైన గుడ్డ. నకిలీ జతల్లో ఆ కన్నాలు ఉత్త సింగారం, లోపల లైనింగ్ మూసేసి ఉంటుంది. పిన్నీసు దూర్చి చూడండి. అసలుదైతే మాత్రం? వానలో రోడ్డు మీద నిలబడితే ఆ కన్నాల్లోంచే నీళ్లు లోపలికొస్తాయి. బురద విదిలించడానికి దూరదూరంగా వేసిన సోల్ దిమ్మలు తడి గ్రానైట్ మీద జారతాయి కూడా.

ఎడారి బూటు గరుకు స్వెడ్ తోలుది. ఇసుక దూరకూడదని దానికి కన్నాలు పెట్టరు, కాబట్టి మన వానకు నానితే ఓ పట్టాన ఆరదు. పాలిష్ పట్టదు, పరేడ్‌కి పనికిరాదు. మంచు ప్రాంతాల బూట్లు మే నెలలో తొడిగితే చెమట, పొక్కులు తప్పవు.

పోలీసు డ్యూటీకి కావాల్సింది తేలికైన, పాలిష్ పట్టే తోలు బూటు, తడి నేల మీద పట్టుండే రబ్బరు సోల్. పక్క జిప్ ఉంటే దాని వెనక తోలు రెక్క ఉందో లేదో చూడండి. 'వాటర్‌ప్రూఫ్' అని చెబితే, లేసుల కింద ఉండే నాలుకను రెండు పక్కలా కుట్టారా అని చూడండి. కుట్టకపోతే నీళ్లు అటునుంచే వస్తాయి. 'స్టీల్ టో (వేళ్ల మీద ఉక్కు తొడుగు) ఉంటేనే ఆర్మీది' అనే మాట నమ్మకండి. మామూలు పోరాట బూట్లకు చాలావరకు అది ఉండదు, బరువు కాబట్టి.

బిల్లు లేకుండా కొనొద్దు. 'నో రిఫండ్' బోర్డు చూసి తగ్గిపోకండి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి నిరాకరిస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అది అనుచిత వ్యాపారమే. విరిగిన సోల్ ఫొటో, బిల్లు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.