అమ్మానాన్నలతో సింగపూర్ హోటళ్ళలో: ఒక షష్టిపూర్తి విందు

సింగపూర్ వెళ్తున్నామంటే మనవాళ్ళు చెప్పే జాబితా ఎప్పుడూ ఒకటే. యూనివర్సల్ స్టూడియోస్, గార్డెన్స్ బై ద బే, సెంతోసా, చివర్లో ముస్తఫాలో షాపింగ్. ఇంట్లో ఏదైనా శుభకార్యం ఉంటే పెద్దవాళ్ళని తీసుకుని ఎక్కడ కూర్చోవాలి, ఎక్కడ తినాలి, నాన్నగారు ఒక గ్లాసు పుచ్చుకుంటే అమ్మ ఇబ్బంది పడకుండా ఉండే చోటేది అని అడిగితే జవాబు చెప్పేవాళ్ళు దొరకరు. మేం అలా అడిగి, చివరికి మా అంతట మేమే తిరిగి తెలుసుకున్నాం. వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

నాన్నగారి షష్టిపూర్తి శాస్త్రోక్తంగా రాజమండ్రిలోనే జరిగింది. అక్కా బావా సింగపూర్‌లో ఉంటారు. సెలవు దొరక్క రాలేకపోయారు. "ఇక్కడికి రండి, మన వంతు పండగ మనం చేసుకుందాం" అని అక్క పట్టుబట్టి టికెట్లు పంపింది. పొద్దున్నే సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్ళి దర్శనం చేసుకున్నాం. మధ్యాహ్నం రాఫుల్స్ హోటల్‌లో భోజనం.

రాఫుల్స్ అంటే ఊరికే పెద్ద హోటల్ కాదు. 1887లో ఆర్మేనియా మూలాలున్న సార్కీస్ సోదరులు సముద్రం ఒడ్డున ఒక బంగళాలో పది గదులతో మొదలుపెట్టారు. ఇప్పుడు మనం చూసే తెల్లటి ప్రధాన భవనం 1899 నాటిది. ఆ రోడ్డుకి ఇంకా బీచ్ రోడ్ అనే పేరు, కానీ సముద్రాన్ని పూడ్చి ఊరు పెంచుకుంటూ పోయారు కాబట్టి ఒడ్డు ఎక్కడో దూరంగా జరిగిపోయింది. 1987లో దీన్ని జాతీయ కట్టడంగా ప్రకటించారు. 2017లో మూసి బాగుచేసి 2019 ఆగస్టులో పూర్తిగా తెరిచారు. గుమ్మం దగ్గర తలపాగా కట్టుకున్న సిక్కు ద్వారపాలకుడు నాన్నకి వంగి నమస్కారం పెట్టి, చేయి అందించి మెట్లు ఎక్కించాడు. నాన్న ఆయనతో తనకొచ్చిన నాలుగు ముక్కల హిందీ మాట్లాడి పొంగిపోయారు. రైల్వేలో పనిచేసిన రోజుల్లో ఖరగ్‌పూర్‌లో నేర్చిన హిందీ అది.

లోపల టిఫిన్ రూమ్ అనే భోజనశాలది ఉత్తరాది వంట. నున్నటి చెక్క నేల, ఎత్తైన పైకప్పు, గోడల పక్కన అద్దాల బీరువాల్లో పాత క్యారేజీలు. మధ్యాహ్నం భోజనాన్ని క్యారేజీ గిన్నెల్లోనే తెచ్చి బల్ల మీద ఒక్కొక్కటే విప్పుతారు. అమ్మ ముఖంలో అప్పటిదాకా ఉన్న బెరుకు అక్కడితో పోయింది. ముప్పై ఏళ్ళు నాన్న డ్యూటీకి క్యారేజీ కట్టిన మనిషి. వడ్డించే ఆయన గిన్నె మూత తీస్తుంటే వరస చెప్పింది: "పప్పు అడుగున పెట్టాలి నాయనా, పెరుగు పైన." ఆయన తమిళుడు. నవ్వి "సరే అమ్మా" అన్నాడు, తెలుగులోనే.

వంట సంగతికొస్తే, మా వాళ్ళు ఆ రోజు శాకాహారమే. పప్పు చిక్కగా, పొగ వాసనతో చాలా బాగుంది. రొట్టెలు వేడివేడిగా అడిగినప్పుడల్లా తెచ్చారు. పనీర్ కూర నాకు మామూలుగానే అనిపించింది. కారం మన లెక్కకి తక్కువ, అది అక్కడి వంట పద్ధతి. ఆవకాయ కోసం వెతుక్కునే పెద్దవాళ్ళైతే ముందే మనసు సిద్ధం చేసుకోవాలి. మాకు ఆ కొరత మర్నాడు లిటిల్ ఇండియాలో ఆంధ్రా భోజనం తీర్చింది. అక్కడ గోంగూర పచ్చడి, కందిపొడి, అరిటాకు అన్నీ ఉంటాయి, ఖర్చు ఇందులో చిన్న వంతు. అయినా నేను టిఫిన్ రూమ్‌కే మార్కులు ఎక్కువ వేస్తాను. మమ్మల్ని తొందరపెట్టలేదు. భోజనం అయ్యాక చాలాసేపు కూర్చున్నాం, ఒక్కరూ బిల్లు తెచ్చి పక్కన పెట్టలేదు. అక్క బుక్ చేసేటప్పుడు సందర్భం ఏమిటో ఒక్క మాట రాసింది, అంతే. చివర్లో పళ్ళెం మీద చాక్లెట్‌తో నాన్న పేరు రాసి, చిన్న కొవ్వొత్తి వెలిగించి తెచ్చారు. ఎవరూ చప్పట్లు కొట్టి గోల చేయలేదు. నాన్నకి అలాగే ఇష్టం.

సాయంత్రం లాంగ్ బార్. అదే హోటల్ ఆవరణలో, ఆర్కేడ్ వైపు పై అంతస్తులో ఉంటుంది. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే అమ్మ జీవితంలో బార్‌లో అడుగుపెట్టడం అదే మొదలు. మన ఊళ్ళలో బార్ అంటే ఆమెకి తెలిసింది రంగు అద్దాల తలుపు, దాని ముందు వరసగా మోటార్ సైకిళ్ళు, పక్కనుంచి నడిచేటప్పుడు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోవడం. బార్ అండ్ రెస్టారెంట్ అని బోర్డు ఉన్నచోట ఫ్యామిలీ సెక్షన్ అని ఒక గది విడిగా ఉంటుంది, అందులోకి కూడా ఆమె ఎప్పుడూ రాలేదు. నాన్న కూడా ఇంట్లో తాగింది లేదు. స్నేహితులతో బయట, ఎప్పుడైనా. ఆ సంగతి అమ్మకి తెలుసు, అమ్మకి తెలుసని నాన్నకి తెలుసు, మాట మాత్రం ఎప్పుడూ రాలేదు. అలాంటి ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడం మాకు చిన్న విషయం కాదు. బావ అయితే మామగారి ముందు గ్లాసు పట్టుకోవాలా వద్దా అని దారంతా ఆలోచిస్తూనే ఉన్నాడు.

ఆ బార్ మలయా (నేటి మలేసియా ప్రాంతం) రబ్బరు తోటల కాలాన్ని గుర్తుచేసేలా కట్టింది. ముదురు రంగు చెక్క, మెలి తిరిగిన మెట్లు, పైకప్పు నుంచి తాటాకు విసనకర్రల వరసలు ఒకే తాళానికి ముందుకీ వెనక్కీ ఊగుతుంటాయి. ప్రతి బల్ల మీదా చిన్న గోనెసంచిలో పొట్టు తీయని వేరుశనక్కాయలు ఉంటాయి. ఒలుచుకుని తిని, పొట్టు నేల మీద వేసేయొచ్చు. అది అక్కడి పాత ఆచారం. సింగపూర్‌లో రోడ్డు మీద చెత్త వేస్తే మొదటి నేరానికే రెండు వేల సింగపూర్ డాలర్ల దాకా జరిమానా పడొచ్చు, అక్క ఆ మాట విమానాశ్రయం నుంచీ చెబుతూనే ఉంది. అందుకే నాన్న పొట్టంతా చేతి రుమాలులో మూటగట్టడం మొదలుపెట్టారు. పక్క బల్ల దగ్గర జపాన్ నుంచి వచ్చిన ఒక ముసలి జంట అది చూసి, నేల మీద వేయమని సైగ చేసి చూపించారు. మాటలు రాకపోయినా ఆ తర్వాత ఆ రెండు బల్లల మధ్య శనక్కాయలు మారుతూనే ఉన్నాయి.

ఇక్కడి పేరున్న పానీయం సింగపూర్ స్లింగ్. 1915లో ఇదే బార్‌లో పనిచేసిన హైనాన్ చైనీయుడు న్గియామ్ టాంగ్ బూన్ తయారుచేశాడని హోటల్ చెప్పే చరిత్ర. జిన్, చెర్రీ పండ్ల తీపి మద్యం, బెనెడిక్టైన్, క్వాంట్రో అనే మరో రెండు తీపి మద్యాలు, అనాస రసం, నిమ్మరసం, దానిమ్మ పాకం, బిట్టర్స్ అనే చేదు సారం రెండు చుక్కలు. ఆ కాలంలో దొరసానులు నలుగురిలో మద్యం తాగితే మర్యాద కాదనేవారట. అందుకని చూడటానికి పండ్ల రసంలా గులాబీ రంగులో కనిపించేలా చేశాడంటారు. అక్క ఈ కథ చెప్పగానే అమ్మ "ఐతే అప్పుడు వాళ్ళకీ ఇదే బాధన్నమాట" అంది. తనకి మద్యం కలపకుండా అదే రంగు గ్లాసు తెప్పించాం. నాన్న అసలుది తీసుకున్నారు. రెండు గ్లాసులూ పక్కపక్కన పెడితే తేడా కనిపించదు. ఆయన గ్లాసు ఎత్తి, అమ్మ వైపు చూసి ఒక్క క్షణం ఆగారు. అమ్మే తన గ్లాసు తీసుకెళ్ళి ఆయన గ్లాసుకి తాకించింది. బావ కూడా అప్పుడే బీరు చెప్పాడు.

రుచి మాట. నా నాలుక్కి తీపి ఎక్కువ. జిన్ ఘాటు ఇష్టపడేవాళ్ళు వేరేది అడగడం మేలు. నాన్నకి మాత్రం బాగా నచ్చింది, "మన మామిడి తాండ్ర నీళ్ళలో కలిపినట్టుంది" అన్నారు. చాలామందికి ఒకేసారి కలపడానికి చేతితో తిప్పే చక్రం ఉన్న పరికరం ఒకటి కౌంటర్ మీద ఉంటుంది, అది తిరుగుతుంటే చూడటం ఒక సరదా. ధర సరదా కాదు. ఒక గ్లాసు నలభై డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది, దాని మీద ప్లస్ ప్లస్.

ఈ ప్లస్ ప్లస్ గురించి తెలియక మనవాళ్ళు బిల్లు చూసి ఉలిక్కిపడుతుంటారు. మెనూలో ధర పక్కన రెండు కూడిక గుర్తులు ఉంటే పది శాతం సర్వీస్ చార్జీ, ఆ మొత్తం మీద తొమ్మిది శాతం జీఎస్టీ అని అర్థం. అంటే నలభై డాలర్ల గ్లాసు దాదాపు 48 డాలర్లు అవుతుంది, మన రూపాయల్లో మూడు వేల పైమాటే. అందుకని అందరూ తలా ఒకటి చెప్పక్కర్లేదు. ఒకటో రెండో స్లింగ్, మిగతావాళ్ళకి బీరో రసమో చెప్పుకుంటే సరిపోతుంది. టిప్పు ఇచ్చే అలవాటు అక్కడ లేదు, సర్వీస్ చార్జీతో అయిపోయింది. మంచినీళ్ళు అడిగితే కొన్నిచోట్ల సీసా తెచ్చి డబ్బు వేస్తారు, మామూలు నీళ్ళు ఉన్నాయా అని ముందే అడగండి.

ఇంకొక సాయంత్రం మేం ఎక్కువ ఆశపెట్టుకుని వెళ్ళింది ఊరంతా కనిపించే ఒక ఎత్తైన హోటల్ బార్‌కి. పేరు అక్కర్లేదు. దృశ్యం నిజంగా గొప్పది, ఓడలు, వెలుగులు, వంతెనలు అన్నీ కాళ్ళ కింద. కానీ ఇంత ఖర్చు పెడితేనే బల్ల అన్నారు. ఆ బల్ల కూడా గంటన్నరకే. ఎత్తు కుర్చీల మీద నాన్న మోకాళ్ళకి ఇబ్బంది. పాట ఎంత గట్టిగా పెట్టారంటే అమ్మ ఏమందో నాకు వినబడలేదు, నేనన్నది ఆమెకి వినబడలేదు. వేడి నీళ్ళు తెమ్మంటే రెండుసార్లు గుర్తుచేయాల్సి వచ్చింది. కుర్రాళ్ళు స్నేహితులతో వెళ్ళడానికి అది మంచి చోటే కావచ్చు. పెద్దవాళ్ళ పండగకి మాత్రం నేను పంపను. ఎత్తులోంచి చూడాలన్నదే కోరికైతే దానికి వేరే టికెట్ కొనుక్కుని చూసి, విందు కిందే పెట్టుకోవాలి.

ఫుల్లర్టన్ హోటల్‌లో మధ్యాహ్నం టీకి కూడా వెళ్ళాం. 1928లో కట్టిన ఆ భవనంలో ఒకప్పుడు ఊరి పెద్ద పోస్టాఫీసు ఉండేది, 2001లో హోటల్ అయింది. కోర్ట్‌యార్డ్ అని మధ్యలో ఉన్న పెద్ద ఆవరణలో మూడంతస్తుల స్టాండులో సాండ్‌విచ్‌లు, చిన్న కేకులు, బన్నులు పెడతారు. టీ బాగుంది, ప్రశాంతంగా ఉంది. పోస్టాఫీసని తెలిసి నాన్న గోడల్ని చాలాసేపు చూశారు. శాకాహారం కావాలంటే బుక్ చేసేటప్పుడే చెప్పాలి, గుడ్డు సంగతి విడిగా చెప్పాలి.

వెళ్ళేవాళ్ళకి నా సలహా ఇది. డబ్బు ఒక్క పూటకే సరిపోతే టిఫిన్ రూమ్‌లో మధ్యాహ్న భోజనం పెట్టుకోండి, బల్ల ముందే బుక్ చేసి సందర్భం రాయండి. నిక్కర్లు, రబ్బరు చెప్పులతో వెళ్ళకండి, మగవాళ్ళకి పొడుగు ప్యాంటు, బూట్లు ఉంటే చాలు. అమ్మ కంచి పట్టుచీరలో వెళ్ళింది, అంతకంటే బాగా తయారైనవాళ్ళు ఆ గదిలో లేరు. లాంగ్ బార్‌కి వరసలో నిలబడాల్సి రావచ్చు, రాత్రి రద్దీ కంటే ముందు, మధ్యాహ్నం దాటాక వెళ్తే సుఖం. రాత్రి పదిన్నర దాటాక బయట రోడ్ల మీదా పార్కుల్లోనూ తాగడం అక్కడ నేరం, దుకాణాల్లో అమ్మరు కూడా. కాబట్టి మిగతా కబుర్లు ఇంటికెళ్ళి చెప్పుకోవాలి. రాఫుల్స్ హోటల్‌కి సిటీ హాల్ మెట్రో స్టేషన్ నడిచేంత దూరమే, కానీ పెద్దవాళ్ళతో ఉంటే తిరుగు ప్రయాణానికి టాక్సీ గుమ్మం దగ్గరికే పిలిపించమని ద్వారపాలకుణ్ణి అడగండి. మాకు అడగకముందే పిలిచాడు.