చీటీ లేకుండా మొటిమల మందు: ఏ దేశంలో ఏ ట్యూబ్ దొరుకుతుంది

రెటినాయిడ్ (విటమిన్ ఎ తరహా మొటిమల మందు) జెల్ కొనడానికి అన్నిటికంటే సులువైన చోటు అమెరికా. 2016 జూలైలో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అడాపలీన్ అనే రెటినాయిడ్ 0.1 శాతం జెల్‌కు డాక్టర్ చీటీ అవసరం లేకుండా చేసింది. డిఫరిన్ పేరుతో 15, 45 గ్రాముల ట్యూబులు సూపర్‌మార్కెట్ అరల్లోనే ఉంటాయి, 12 ఏళ్లు నిండినవారు వాడొచ్చు. అదే మందు 0.3 శాతమైతే మాత్రం చీటీ కావాలి, ట్రెటినాయిన్ అనే మరో రెటినాయిడ్‌కు ఏ మోతాదులోనైనా కావాలి.

సరిహద్దు దాటి కెనడా వెళితే 0.1 శాతం అడాపలీన్‌కూ చీటీ అడుగుతారు. బ్రిటన్‌లోనూ అంతే. అక్కడ చీటీ లేకుండా దొరికే గట్టి మందు, మొటిమల క్రిములను చంపే బెంజాయిల్ పెరాక్సైడ్ 5 శాతం జెల్ (ఆక్నెసైడ్ అని అడగండి). ఇది ఫార్మసిస్ట్ చేతుల మీదుగానే అమ్మాలి. ఎవరికోసం, ఎన్నాళ్లుగా ఉంది, ఇంకేం వాడుతున్నారు అని అడుగుతారు. విసుక్కోకుండా జవాబు చెప్పండి, గర్భం సంగతి బయటపడేది అక్కడే. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు రెటినాయిడ్లు పూయకూడదని 2018లో యూరప్ మందుల సంస్థ స్పష్టంగా చెప్పింది. జపాన్‌లో అడాపలీన్‌తో పాటు బెంజాయిల్ పెరాక్సైడ్‌కీ చీటీ కావాలి, కాబట్టి అక్కడికి ట్యూబ్ వెంట తీసుకెళ్లడమే మేలు.

మెక్సికో మందుల షాపుల్లో ట్రెటినాయిన్ అడగగానే ఇచ్చేస్తారు. ఆ సులువే ఇబ్బంది తెస్తుంది. 0.025, 0.05, 0.1 శాతం ట్యూబులు చూడటానికి ఒకేలా ఉంటాయి, కొత్తవారు 0.1 కొనేసి వారంలో ముఖమంతా పొట్టు లేచి మందు మానేస్తారు. పెట్టె మీద బ్రాండ్ కాదు, మందు పేరూ శాతమూ చదవండి. బ్రాండ్ ఒకటే ఉన్నా దేశం మారితే లోపలి మోతాదు మారొచ్చు.

భారత్‌లో ట్రెటినాయిన్, క్లిండమైసిన్ (యాంటీబయాటిక్) షెడ్యూల్ హెచ్ మందులు. చట్టప్రకారం చీటీ కావాలి, కౌంటర్‌లో చాలాసార్లు అడగరు. ఇక్కడ నిజంగా భయపడాల్సింది స్టెరాయిడ్ కలిపిన క్రీములకి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అన్న మాటల్లో ఏది కనిపించినా మొటిమలకు కొనకండి. మొదటి వారం ముఖం నున్నగా మెరుస్తుంది. ఆపగానే ఎర్రబడి, మంటపెట్టి, కొత్త మొటిమలు గుంపుగా లేస్తాయి, చర్మం పలచబడుతుంది. 2018లో వీటిని కూడా షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు.

కొత్త ట్యూబును ప్రయాణం మధ్యలో మొదలుపెట్టవద్దు. రెటినాయిడ్ పనిచేయడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది, మొదటి వారాల్లో మొటిమలు పెరిగినట్టు కనిపించడమూ ఉంది. రాత్రి ముఖం కడిగి, పూర్తిగా ఆరాక, ముఖం మొత్తానికి బఠాణీ గింజంత చాలు. మొటిమ మీద మాత్రమే కాదు, మొటిమలొచ్చే చోటంతా పలచగా పూయాలి, కళ్లు, పెదవుల అంచులు వదిలేయాలి. మొదట రాత్రి విడిచి రాత్రి, పగలు ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్. బీచ్ యాత్రలో ఇది తప్పితే ముఖం కమిలిపోతుంది.

బెంజాయిల్ పెరాక్సైడ్‌లో 2.5 శాతం చాలామందికి 10 శాతంతో సమానంగా పనిచేస్తుంది, మంట తక్కువ. పాత తరహా ట్రెటినాయిన్ జెల్‌తో కలిపి ఒకేసారి పూస్తే ట్రెటినాయిన్‌ను పాడుచేస్తుంది. అడాపలీన్‌తో ఆ బాధ లేదు. బెంజాయిల్ పెరాక్సైడ్ తగిలితే రంగు తువ్వాళ్లకు, దిండు గలీబులకు తెల్ల మరకలు పడతాయి, హోటల్లో తెల్ల తువ్వాలే అడగండి. వేడికి అందులో క్యాన్సర్ కారకమైన బెంజీన్ పుడుతుంది గనక ఎండలో నిలిపిన కారులో ఆ ట్యూబ్ వదలకండి.