తొలి మ్యాచ్‌లోనే కొండను ఢీకొనాలా, ముందు చిన్నవాళ్లతో ఆడాలా: ఏది మేలు?

2025 ఆగస్టు 30, శనివారం. వినాయక చవితి వెళ్లి మూడు రోజులైనా మా ఇంట్లో పాలవెల్లి ఇంకా దించలేదు. పొద్దున్న పదకొండు గంటలకి ఉప్మా ప్లేటు ఒళ్లో పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నాను. టెక్సస్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్, మా లాంగ్‌హార్న్స్‌కి సీజన్‌లో అదే తొలి మ్యాచ్. అవతల ఒహాయో స్టేట్, అంతకుముందు సీజన్ చాంపియన్లు, పైగా ఆట వాళ్ల ఊరు కొలంబస్‌లో. మావాళ్లు ఏపీ ర్యాంకింగ్స్‌లో నంబర్ వన్. ఏపీ అంటే ఇక్కడ ఆంధ్రప్రదేశ్ కాదు, అసోసియేటెడ్ ప్రెస్. సీజన్ మొదలవకముందే నంబర్ వన్‌గా ఉండటం టెక్సస్ చరిత్రలో అదే మొదటిసారి. ఆ సంబరం సాయంత్రం దాకా కూడా నిలవలేదు, 14-7తో ఓడిపోయాం. కొలంబస్‌లో ఉండే మా బావమరిది వెంటనే ఫోన్ చేసి, "ఏంటి బావా, నంబర్ వన్ అన్నావ్?" అన్నాడు.

అప్పటినుంచి ఆస్టిన్‌లో మా స్నేహితులు ఇద్దరు కలిస్తే చాలు, ఇదే గొడవ. సీజన్ మొదట్లో ఇలాంటి పెద్ద టీమ్‌తో తలపడటం మంచిదా, లేక ఊరూపేరూ పెద్దగా లేని కాలేజీలతో నాలుగు సులువైన గెలుపులు వేసుకుని ముందుకెళ్లడం మంచిదా?

అమెరికన్ ఫుట్‌బాల్ తెలియనివాళ్లకి రెండు ముక్కలు. కాలేజీ టీమ్‌కి రెగ్యులర్ సీజన్‌లో 12 మ్యాచ్‌లే. ప్రొఫెషనల్ లీగ్‌లో ఉన్నట్టు ముందుగా ప్రాక్టీస్ మ్యాచ్‌లుండవు, తొలి రోజు నుంచే లెక్క. 2025లో మా లీగ్ ఎస్ఈసీలో (సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్) ఎనిమిది మ్యాచ్‌లు, మిగిలిన నాలుగు కాలేజీ తానే కుదుర్చుకున్నవి. అంటే సెప్టెంబర్ నెల దాదాపు మన చేతిలో ఉన్నట్టే. పెద్ద టీమ్‌తో కుదుర్చుకుంటే రెండు ఊళ్లలో చెరొక ఏడాది ఆడాలి. చిన్న కాలేజీ అయితే డబ్బిచ్చి మన స్టేడియానికే పిలిపించుకోవచ్చు. పది లక్షల డాలర్లు దాటి ఇవ్వడం ఈ రోజుల్లో మామూలే. వాళ్లకి బడ్జెట్ గడుస్తుంది, మనకి గెలుపు దొరుకుతుంది.

ముందు ఈ సులువు మ్యాచ్‌ల సంగతి చూద్దాం. నాకు వీటి మీద చిన్నచూపేమీ లేదు. మా అమ్మాయి మొదటిసారి స్టేడియంలో అడుగుపెట్టింది ఇలాంటి మ్యాచ్‌కే. టికెట్ కన్నా పార్కింగ్‌కి ఎక్కువ పెట్టాను. ఇంకో లాభం, బెంచీ మీద ఉన్న కుర్రాళ్లకి మైదానం దొరుకుతుంది. 2024 సెప్టెంబర్‌లో యూటీ శాన్ ఆంటోనియోతో ఆడుతుండగా మా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) క్విన్ యూవర్స్‌కి దెబ్బ తగిలింది. అప్పుడు బరిలోకి దిగినవాడు ఆర్చ్ మ్యానింగ్. ఒకప్పటి పేరుమోసిన క్వార్టర్‌బ్యాక్‌లు పేటన్, ఈలై మ్యానింగ్‌ల అన్న కొడుకు. 67 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు, అంటే బంతిని అవతలి గీత దాటించాడు. ఇంకో నాలుగు టచ్‌డౌన్లు పాస్‌లతో చేయించాడు. 56-7తో గెలిచాం. అదే పెద్ద టీమ్ మీద జరిగుంటే ఆ దెబ్బతో మ్యాచే పోయేదేమో.

అయితే ఈ గెలుపులు మనల్ని మోసం చేస్తాయి. 2025లో శామ్ హ్యూస్టన్ అనే చిన్న కాలేజీ మీద 55-0. ఆర్చ్ 309 గజాల పాస్‌లు వేశాడు. ఆ రాత్రి మా వాట్సాప్ గ్రూప్‌లో అప్పుడే కప్పు కొట్టేసినంత హడావిడి. ఆ తర్వాతి మ్యాచ్ ఫ్లోరిడాలో. అక్కడ ఆర్చ్‌ని ఆరుసార్లు కింద పడేశారు, 29-21తో ఓడాం. క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడాల్సిన ముందువరస బలహీనంగా ఉందని 55-0 ఎక్కడ చెప్పింది?

నిజం చెప్పాలంటే శామ్ హ్యూస్టన్ మ్యాచ్‌కి ముందు వారమే యూటీ ఎల్ పాసో మ్యాచ్ కొంత చెప్పింది. నేను ఆరోజు స్టేడియంలోనే, పై అంతస్తులో, ఎండకి ఎదురుగా కూర్చున్నాను. మొదటి సగంలో ఆర్చ్ వేసిన పాస్‌లు వరసగా పది నేలపాలు. నా ముందు సీట్లో ఆరంజ్ టోపీ పెద్దాయన ఒక్కో పాస్‌కి ఒక్కో వేలు మడుస్తూ లెక్కపెట్టాడు. పది వేళ్లూ అయిపోయాక చేతులు కట్టుకుని ఊరుకున్నాడు. చుట్టూ సొంత జనమే "బూ" అంటూ అరిచారు. ఇరవై ఒక్కేళ్ల కుర్రాణ్ని అలా అరవడం నాకు నచ్చలేదు, కానీ భయం నాకూ పట్టుకుంది. చివరికి 27-10తో గెలిచాం. చిన్న టీమ్ మీద తడబడితే అది సమాచారం, చితకబాదితే మాత్రం ఏమీ తెలియదు.

ఇక పెద్ద మ్యాచ్. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టుకుంటే చాలంటారు. ఒహాయో స్టేట్ మ్యాచ్ మాకు ఆ మెతుకు. ఓడినా మా డిఫెన్స్ అక్కడ 14 పాయింట్లే ఇచ్చింది. ఆఫెన్స్ మాత్రం గీతకి ఒక్క గజం దూరంలో నాలుగో డౌన్‌లో, అంటే చివరి ప్రయత్నంలో, ఆగిపోయింది. ఏది ఉడికింది, ఏది పలుకుగా ఉంది అని మొదటి రోజే తెలిసిపోయింది.

పెద్ద గెలుపు విలువ డిసెంబర్‌లో తెలుస్తుంది. 2023లో మావాళ్లు అలబామా వెళ్లి 34-24తో గెలిచారు. ఆ ఏడాది ప్లేఆఫ్‌కి, అంటే చాంపియన్‌ని తేల్చే చివరి పోటీలకి, నాలుగే టీమ్‌లు. ఒక్క మ్యాచ్ కూడా ఓడని ఫ్లోరిడా స్టేట్‌ని బయట పెట్టి, ఒక్కోటి ఓడిన టెక్సస్‌నీ అలబామానీ తీసుకున్నారు. మా పేరు అలబామా కన్నా పైన ఉంది. 2025లోనూ అంతే, మయామీ, నోటర్ డామ్ రెండూ 10-2, అంటే పది గెలుపులు, రెండు ఓటములు. తొలి వారంలో నోటర్ డామ్ మీద 27-24తో గెలిచిన మయామీ లోపలికి, నోటర్ డామ్ బయటికి.

మరి 9-3తో ముగించిన మా సంగతి? ప్లేఆఫ్‌కి 12 టీమ్‌లు అయినా మాకు చోటు దక్కలేదు. ఒహాయో స్టేట్‌తో ఆడకపోయుంటే 10-2తో లోపల ఉండేవాళ్లమని మా కోచ్ స్టీవ్ సార్కీసియన్ వాదించాడు. సగం మంది అభిమానులదీ అదే పాట. నాకది మింగుడుపడదు. ఆ ఏడాది ఫ్లోరిడా 4-8. అలాంటి టీమ్ చేతిలో ఓడి, నెపం కొలంబస్ మీద నెట్టడమేంటి? చిన్నవాళ్లతో ఆడిన ఇండియానా 2024లో 11-1తో లోపలికి వెళ్లిందని మావాళ్లు ఉదాహరణ చెబుతారు. నిజమే, కానీ వాళ్లు మిగతా మ్యాచ్‌లు జారవిడుచుకోలేదు కదా.

పెద్ద టీమ్‌తో ఆడాల్సిందే. నా పేచీ అల్లా ఏ వారం అన్నదాని మీదే. వెనక్కి చూడండి. 2022లో అలబామా, 2023లో అలబామా, 2024లో మిషిగన్, మూడూ రెండో వారంలోనే. మొదటి వారం సులువు మ్యాచ్. 2022లో ఒక్క పాయింట్‌తో, 20-19తో పోయింది. తర్వాత రెండేళ్లూ గెలిచాం, అవీ వాళ్ల గడ్డ మీదే. 2025లో మాత్రం కొత్త క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్‌ని ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడించకుండా నేరుగా కొలంబస్‌లో దింపాం. కొత్త పెనం మీద మొదటి అట్టు అంటుకుంటుందని మా అమ్మకి తెలిసిన సంగతి, ఇంత ఖరీదైన కోచింగ్ స్టాఫ్‌కి తెలియదా అని ఆరోజు తిట్టుకున్నాను. తారీఖులు ఏళ్లకిందటే ఖరారవుతాయని తెలుసు, అయినా కోపం కోపమే.

2026 నుంచి ఎస్ఈసీలో లీగ్ మ్యాచ్‌లు తొమ్మిది, అంటే మన ఇష్టానికి మిగిలేవి మూడే. ఆ షెడ్యూల్ చూస్తే మనసు కుదుటపడింది. మొదటి వారం టెక్సస్ స్టేట్, రెండో వారం సెప్టెంబర్ 12న ఒహాయో స్టేట్, ఈసారి ఆస్టిన్‌లో. బావమరిది ఇప్పుడే గెస్ట్ రూమ్ ఖాళీగా ఉంటుందా అని అడిగాడు. టికెట్ మాత్రం నన్నే తియ్యమంటున్నాడు, గెలిచినవాళ్లకి మర్యాద చెయ్యాలట.