ఫెయిర్‌ఫోన్ 5: విప్పి బాగు చేసుకోగల ఫోన్

బ్యాటరీ పాడైతే ఫోనే మార్చేయమని ఇంతకుముందు ఓ సర్వీస్ సెంటర్‌లో చెప్పారు. ఆ కోపంతోనే ఇది కొన్నాను. వెనక మూత గోటితో లేపితే చాలు, బ్యాటరీ చేతికొచ్చేస్తుంది. స్క్రీన్, కెమెరా, ఛార్జింగ్ పోర్ట్ మార్చడానికి ఒక్క స్క్రూడ్రైవర్ సరిపోతుంది. విడిభాగాలు కంపెనీయే అమ్ముతుంది. 2023లో వచ్చిన ఈ ఫోన్‌కి 2031 వరకూ సాఫ్ట్‌వేర్ సపోర్ట్ ఉంటుందని మాటిచ్చారు. వేగం నా అవసరాలకు చాలు. ఇయర్‌ఫోన్ జాక్ లేదు, అది చూసుకుని కొనండి.

నాకు అన్నిటికన్నా నచ్చింది వేరే ఉంది. ఫోన్ బిగించే ఫ్యాక్టరీ కార్మికుల జీతానికీ, గౌరవంగా బతకడానికి అయ్యే ఖర్చుకూ మధ్య తేడా తగ్గించడానికి కంపెనీ బోనస్ ఇస్తుంది. ఫోన్ ధరలో అది చాలా చిన్న భాగం. ఇంత చిన్న కంపెనీ ఇవ్వగలిగితే, పెద్ద కంపెనీలు ఎందుకివ్వవు?