రాతి పునాదా, పిల్లర్లా, రాఫ్టా? ముందు గుంత తవ్వి చూడండి

ఇల్లు మొదలుపెడుతున్నాం అని చెప్పగానే ఎవరైనా అడిగే మొదటి మాట, "పిల్లర్లు వేస్తున్నారా, రాతి పునాదేనా?" అని. నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. పిల్లర్లే, ఎందుకంటే పిల్లర్ అంటే బలం అని నమ్మకం. తర్వాత స్థలంలో రెండు మూలల్లో రెండు గుంతలు తవ్వించాను. ముందు మూలలో మూడడుగులకే గట్టి మొరం తగిలింది. వెనక మూలలో ఆరడుగుల దాకా పెంకు ముక్కలు, ప్లాస్టిక్ సంచులు, బూడిద. ఎప్పుడో ఎవరో పూడ్చేసిన గుంత అది. మేస్త్రి అప్పటికే అన్ని పిల్లర్లకీ నాలుగడుగుల లోతు చాలని లెక్క చెప్పేశాడు. ఆ మాట విని ఉంటే ఇంటి ముందు సగం మొరం మీద, వెనక సగం చెత్త మీద కూర్చునేది. చివరికి మేం పిల్లర్లే వేశాం, కానీ నేను మొదట అనుకున్న కారణంతో కాదు.

ఇల్లు కాస్త కిందికి దిగడం వల్ల ప్రమాదం లేదు. అన్ని వైపులా సమానంగా ఒక సెంటీమీటరు దిగితే మనకు తెలియను కూడా తెలియదు. ఒక మూల దిగి ఇంకో మూల నిలబడితేనే గోడలు ఏటవాలుగా పగులుతాయి, తలుపులు పట్టేస్తాయి. 1173లో మొదలుపెట్టిన పీసా గోపురం కథ అంతా ఇదే. దాని పునాది లోతు సుమారు 3 మీటర్లు. కింద ఉన్నది మెత్తటి మట్టి, అది అన్ని వైపులా ఒకేలా లేదు. మూడో అంతస్తు దాకా వచ్చేసరికే గోపురం ఒరగడం మొదలైంది. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత ఇంజినీర్లు దాన్ని కొంతవరకు సరిచేసింది కూడా నేలతోనే. ఎత్తుగా ఉన్న ఉత్తరం వైపు కింద నుంచి కొంచెం కొంచెంగా మట్టి తీశారు.

అందుకే పునాదుల్ని పోల్చే ముందు నేలను చూడాలి. కట్టబోయే జాగాలో కనీసం మూడు చోట్ల, అనుకున్న పునాది లోతు కంటే ఇంకో రెండు మూడడుగులు కిందికి తవ్వించండి. ఏ లోతులో రంగు మారింది, ఎక్కడ గునపం దిగనంది, నీరు ఊరిందా అన్నవి రాసిపెట్టుకోండి. సాయిల్ టెస్ట్ ఎలాగూ చేయించాలి. అయితే అది రాకముందే మీ చేతులతో చూసుకోగలిగిన పరీక్ష ఒకటి ఉంది. మట్టిని బాగా ఎండబెట్టి, నలగ్గొట్టి, సన్నని జల్లెడ పట్టండి. పది గ్రాముల చొప్పున రెండు గాజు కొలజాడీల్లో వేసి, ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో కిరోసిన్ పోసి, గాలి బుడగలు పోయేలా కలిపి ఒక రోజు కదపకుండా వదిలేయండి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. రేగడి లాంటి బంకమట్టి నీళ్లలో ఉబ్బుతుంది. కిరోసిన్‌లో అడుగున 10 మి.లీ. దగ్గర నిలిచిన మట్టి నీళ్లలో 16, 17 దాకా పొంగిందంటే ఆ నేలతో జాగ్రత్త పడాల్సిందే. ప్రయోగశాలలో చేసేదీ ఇదే పరీక్ష, కాకపోతే వాళ్లు ఇంకా కచ్చితంగా కొలుస్తారు.

ఇప్పుడు రాతి పునాది. దీన్ని పాతకాలం పద్ధతి అని తీసిపారేస్తుంటారు. అది సరికాదు. ఒక్క అంతస్తు ఇల్లు, బరువంతా గోడలే మోస్తాయి అనుకుందాం. స్లాబు, గోడ కలిపి గోడ పొడవులో ప్రతి మీటరుకు సుమారు 4 టన్నుల బరువు పునాది మీదికి వస్తుంది. 75 సెంటీమీటర్ల వెడల్పున్న రాతి పునాది వేస్తే, ఆ రాయి సొంత బరువు కలిపినా నేల మీద చదరపు మీటరుకు 7 టన్నుల పైచిలుకు పడుతుంది. చదరపు మీటరుకు 20 టన్నులు మోసే మొరం మీద అది తేలికపాటి పని. రాయి బాగా దొరికే చోట, నేల అంతటా ఒకేలా ఉన్నప్పుడు, పైన ఇంకో అంతస్తు వేయమని నిశ్చయించుకున్నప్పుడు రాతి పునాదే మేలని నా అభిప్రాయం. కాకపోతే దాని గుణం మేస్త్రి పనితనంలో ఉంది. రాళ్ల మధ్య సందులు చిప్పలతో పూడ్చి పైన మాలు పూస్తే కుదరదు. ప్రతి వరసలో అక్కడక్కడా గోడ వెడల్పంతా పట్టే పొడుగు రాళ్లు పడాలి. పైన ఇల్లంతా చుట్టి వచ్చేలా కాంక్రీటు బెల్టు తప్పనిసరి, భూకంపాలు వచ్చే చోటైతే మరీను. పూడ్చిన మట్టిలో, రేగడిలో మాత్రం రాతి పునాది జోలికి వెళ్లొద్దు. నేల కదిలితే రాయి వంగదు, విడిపోతుంది.

పిల్లర్ బరువును తగ్గించదు. చెదిరి ఉన్న బరువును ఒక్కచోటికి చేరుస్తుంది. ఈ ఒక్క సంగతి అర్థమయ్యాక నాకు మిగతాదంతా తేలికైంది. పన్నెండడుగులకు ఒక పిల్లర్, రెండు అంతస్తులు అనుకుందాం. మధ్యలో ఉండే పిల్లర్ కింద, ఫుటింగ్ (పిల్లర్ అడుగున పోసే వెడల్పాటి కాంక్రీటు దిమ్మ) బరువుతో కలిపి, సుమారు 33 టన్నులు దిగుతాయి. నేల చదరపు మీటరుకు 20 టన్నులు మోసేదైతే నాలుగడుగుల పైచిలుకు చదరం ఫుటింగ్ చాలు. 10 టన్నులైతే ఆరడుగులు కావాలి. 5 టన్నులే అయితే ఎనిమిదిన్నర అడుగులు. అదే ఇల్లు, అవే పిల్లర్లు, కింద మట్టి మారితే ఫుటింగ్ వైశాల్యం నాలుగు రెట్లయింది. "పక్కింటికి నాలుగున్నర వేశాం, మీకూ అంతే" అనే మాట ఎందుకు చెల్లదో ఈ లెక్కే చెబుతుంది. ఇది మోటా లెక్క, మీ ఇంటికి కొలతలు ఇంజినీరే ఇవ్వాలి.

పిల్లర్లతో అసలైన లాభం లోతు విషయంలో ఉంది. గట్టి నేల ఒకచోట మూడడుగుల్లో, ఇంకోచోట ఏడడుగుల్లో ఉంటే, గోడ పొడవునా కందకం లోతుగా తవ్వి రాయి నింపడం కంటే ఆ నాలుగైదు గుంతల్ని మాత్రం కిందికి దించడం సులువు. మా ఇంట్లో పిల్లర్లు నిలిచింది ఇందుకే. వెనక వైపు గుంతలన్నీ చెత్త దాటి మొరం తగిలేదాకా దించాం. పైన అన్నిటినీ ప్లింత్ బీముతో, అంటే నేలమట్టం దగ్గర పిల్లర్లను కలిపే కాంక్రీటు దూలంతో, కట్టేశాం. పై అంతస్తు ఆలోచన ఉన్నవాళ్లకూ ఇదే దారి. ఫుటింగ్ ఇనుమును అడుగుకు తగలకుండా ఎత్తి ఉంచే కవర్ బ్లాకులు 50 మి.మీ. ఉన్నాయో లేదో మీరే కొలుచుకోండి. ఇటుక ముక్క పెట్టి సరిపెడతామంటే ఒప్పుకోవద్దు. ఇటుక నీరు పీలుస్తుంది, ఆ దారిలోనే ఇనుముకు తుప్పు పడుతుంది.

పైన చెప్పిన మూడో లెక్క మళ్లీ చూడండి. పన్నెండడుగుల చదరంలో ఎనిమిదిన్నర అడుగుల ఫుటింగ్ అంటే ఇంటి కింద సగం జాగా ఫుటింగులకే పోయింది. అంతవరకు వచ్చాక విడివిడి గుంతలు మానేసి, ఇల్లంతటికీ ఒకే మందపాటి పలక పోయడం మేలంటారు. అదే రాఫ్ట్. నేల అంతటా మెత్తగా ఉన్నప్పుడు అది సరైన మాట. ఇనుము, కాంక్రీటు చాలా పడతాయి కాబట్టి గట్టి నేల మీద రాఫ్ట్ వేయడం వృథా.

రేగడి నేల సంగతి వేరు. అది బరువుకు కుంగడమే కాదు, వానాకాలంలో పొంగి ఇంటిని పైకి ఎత్తుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోయి వదిలేస్తుంది. ఈ కదలిక సుమారు మూడున్నర మీటర్ల లోతు దాకా ఉంటుంది. పైన ఎంత వెడల్పు ఫుటింగ్ వేసినా ఆ కదలిక ఆగదు. దాన్ని దాటి కిందికి దిగాలి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ ఇలాంటి నేలల కోసం అండర్‌రీమ్డ్ పైల్ పద్ధతిని అభివృద్ధి చేసింది. సన్నటి బోరు వేసి, అడుగున దాన్ని రెండున్నర రెట్లు వెడల్పు చేసి కాంక్రీటు నింపుతారు. కింద ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి పైమట్టి లాగినా పైల్ పైకి రాదు. పైల్స్‌ని కలిపే బీము కింద మట్టికి తగలకుండా ఖాళీ వదలాలి. చాలా చోట్ల తప్పు జరిగేది అక్కడే. మట్టి మీదే బీము పోస్తే, పొంగిన మట్టి నేరుగా బీమునే ఎత్తుతుంది.

పునాది తేలాక, తవ్వడం జేసీబీతోనా, కూలీలతోనా అన్నది రెండో ప్రశ్న. రెండూ కావాలి. పైన అరడుగు వేళ్లూ గడ్డీ ఉన్న మట్టి గీకేయడానికి, గుంతలు చాలావరకు దించడానికి జేసీబీ. అడుగున ఆఖరి ఆరంగుళాలు మాత్రం గడ్డపారతోనే తీయాలి. బకెట్ పళ్లు నేలను గుల్ల చేసి వదులుతాయి. పొరపాటున ఎక్కువ లోతు తవ్వితే మట్టి పోసి సరిచేయకండి, పలచటి కాంక్రీటుతో నింపండి. నాలుగడుగులు దాటిన గుంతలో మనిషి దిగే ముందు గట్లకు ఊతం పెట్టించండి. తవ్విన మట్టి అంచున కాకుండా దూరంగా పోయించండి. ఒక ఘనమీటరు మట్టి టన్నున్నర పైనే ఉంటుంది. విరిగి మీద పడితే మనిషి బయటికి రాలేడు.

మా గుంతలు పూర్తయిన రాత్రే వాన పడింది. తెల్లారేసరికి వెనక గుంతల్లో మోకాలి లోతు నీళ్లు. తోడేశాక మేస్త్రి పీసీసీ (అడుగున పరిచే, ఇనుము లేని కాంక్రీటు) పోసేద్దాం అన్నాడు, మిక్సర్ కూడా వచ్చేసింది. దిగి చూస్తే నా చెప్పు బురదలో మడమ దాకా దిగింది. నిన్న గునపానికి లొంగని మొరం మీద నాలుగంగుళాల మెత్తటి బురద. దాని మీద కాంక్రీటు పోస్తే ముందు చేసిన పనంతా దండగ. మిక్సర్‌ని వెనక్కి పంపించాం. బురదంతా తట్టలతో ఎత్తించి, మళ్లీ గట్టి నేల కనబడేదాకా గీకించి, దిమ్మిసతో కొట్టించడానికి ఒక రోజు పట్టింది. మర్నాడు పొద్దున మళ్లీ గుంతలోకి దిగి మడమతో తొక్కి చూశాను. ఈసారి నేల దిగలేదు. అప్పుడు పోయమన్నాను.